కింది పలక

ఆ పేరు రాయడానికి సువార్తకు నలభై సెకన్లు చాలు. పదిహేడేళ్లుగా ఆ గడిలో ఎందరి పేర్లో రాసింది. కాని ఆ సోమవారం ఉదయం పది నుంచి పదకొండున్నర దాకా పెన్ను మొనలో సిరా మూడుసార్లు ఎండింది. మూడుసార్లూ తుడిచింది. గడి ఖాళీగానే ఉంది.

ట్రేసింగ్ కాగితం కింద పరిచిన పెన్సిలు డ్రాయింగు రికార్డు ప్లేయరు అడుగున ఉండే చెక్క బేసుది. పైన పలచటి ప్లైవుడ్డు పలక, కింద మరో పలక, రెంటి మధ్య ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే సన్నటి పట్టీలు. మొత్తం బరువు రెండుముప్పావు కిలోలు. కంపెనీ ఇంతకాలం వాడిన టేకు దిమ్మ తొమ్మిది కిలోలుండేది.

ఆ పట్టీల్లో ప్రతి గీతా సువార్తదే. ప్రతి కొలతా ఆమె మూడు నెలలు తంటాలుపడి తేల్చిందే. కాగితం కుడివైపు కింది మూలన ఉన్న మూడు గడుల్లో మాత్రం పెన్సిలుతో ఇలా ఉంది: డిజైన్, జి. రిచర్డ్. చెక్, పి. రామ్మోహనరావు. ట్రేస్, ఎస్.

పెన్సిలు గీతలను సిరాతో ఎత్తిరాసే ట్రేసరు తన పూర్తి పేరు రాయకూడదు. ఒక్క పొడి అక్షరం. అది ఆ ఆఫీసు పద్ధతి.

ఆమె ముంజేతి కింద పరుచుకున్న చేతిరుమాలు మడిచి పక్కన పెట్టింది. అద్దం తలుపు అవతల ఇంజనీరు రిచర్డ్ టీ తాగుతున్నాడు.

"రిచర్డ్ గారూ, ఒకసారి ఇలా వస్తారా?"

గ్లాసుతోనే వచ్చాడు. ఇరవయ్యారేళ్ల కుర్రాడు. గుంటూరు నుంచి వచ్చి రెండేళ్లయింది.

"చెప్పండాంటీ. అయిపోయిందా?"

"ఈ గడిలో మీ పేరుంది."

వంగి చూశాడు. "అవును. ఏం, తప్పా?"

"బేసు మీరు గీయలేదు కదా."

రిచర్డ్ నవ్వాడు. దొరికిపోయినవాడి నవ్వు కాదది. చిన్నపిల్లలకు లెక్క చెప్పేవాడి నవ్వు. "నేను గీశానని ఎవరన్నారాంటీ? బుర్ర మీదే. సార్‌కీ తెలుసు. కాని ఆ గడిలో ఇంజనీరు పేరే ఉండాలి. ఈ షెడ్డులో ఇంజనీరంటూ ఏడిస్తే నేనొక్కణ్నే ఏడ్చాను. ఇంకొకడుంటే వాడి పేరే పడేది."

అతని గొంతులో కుట్ర లేదు. ఉంటే తగువాడటం తేలికయ్యేది.

"పోనీ, ఈ స్క్రూలేమిటి?"

కింది పలక అంచు చుట్టూ పన్నెండు చిన్న సున్నాలు, ఒక్కోదానిలో ఒక్కో అడ్డగీత. ఆమె ఇచ్చిన కాగితంలో అవి లేవు.

"మీరేమో కింది పలకను జిగురు పెట్టి మూసేశారు. రేపు మోటారు వైరు తెగితే మెకానిక్కు ఏం చేస్తాడు? రంపం తెచ్చుకుంటాడా?"

"మోటారు కింద అరచెయ్యంత తలుపు పెట్టాను."

"అరచెయ్యంత తలుపులోంచి తొంగిచూసే ఓపిక మనవాళ్లకెక్కడిదాంటీ? మన రేడియోలకి అన్నిటికీ కింది పలక స్క్రూలే. అలవాటు."

సువార్త సొరుగు లాగి చెప్పుల పెట్టె తీసింది. అందులోని స్టెన్సిళ్లు బల్లమీద పోసి, మూత లేని పెట్టెను రెండు చేతులతో మెలితిప్పింది. పెట్టె తడిగుడ్డలా తిరిగింది. మూత పెట్టి, అంచుల వెంట నాలుగువైపులా టేపు అంటించింది. మళ్లీ మెలితిప్పబోయింది. ఈసారి ఆమె వేళ్లే తెల్లబడ్డాయి. పెట్టె కదల్లేదు.

"మూత ఊరికే ఉంటే చాలదు. చుట్టూ అంటుకోవాలి. స్క్రూ ఉన్నచోట పలక పట్టుకుంటుంది, స్క్రూకీ స్క్రూకీ మధ్య వణుకుతుంది. ఆ వణుకు సూదిలోకి పోతుంది."

"అది అట్ట, ఇది ప్లైవుడ్డు," అన్నాడు రిచర్డ్. లోపల ఫోను మోగింది. "రేపు చూద్దామాంటీ," అంటూ వెళ్లిపోయాడు. టీ గ్లాసు ఆమె బల్లమీదే మర్చిపోయాడు.

మర్నాడు ఆమె నేరుగా యజమాని గదిలోకి వెళ్లింది.

రామ్మోహనరావు ఫోనులో ఉన్నాడు. కూర్చోమని చేత్తో సైగ చేశాడు. సువార్త కూర్చోలేదు.

"గురువారం అమ్మిరాజు గారొస్తున్నారమ్మా," అన్నాడు ఫోను పెట్టేసి. "బెజవాడ నుంచి. మూడు వందల ప్లేయర్లు. అన్నీ మైకు సెట్లవాళ్లకే. వాళ్లు సామాను సైకిలు మీద కట్టుకుని ఊరూరా తిరగాలి. మన పాత దిమ్మ చూసి, ఇది రికార్డు ప్లేయరా రుబ్బురోలా అన్నాడాయన. నీ తేలిక బేసు మాట చెప్పాకే వస్తానన్నాడు."

"నా బేసు అన్నారు కదా సార్. డ్రాయింగు మీద కూడా అదే రాయనివ్వండి."

రామ్మోహనరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పేరుదేముందమ్మా? ఈసారి ఇంక్రిమెంటు నేను చూస్తాగా."

"ఇంక్రిమెంటు వద్దు సార్."

అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. ఆ గదిలో ఎవరూ అనని మాట అది.

"చూడు సువార్తమ్మా. డిప్లమో కూడా లేని మనిషి పేరు డిజైన్ గడిలో కనిపిస్తే పార్టీ ఏమనుకుంటాడు? మనది కుటీర పరిశ్రమ అనుకోడూ? వెళ్లు. మధ్యాహ్నానికల్లా వడ్రంగి సత్తెయ్యకు ప్రింటు అందాలి."

"ఆ స్క్రూల సంగతి..."

"అవి రిచర్డ్ చూసుకుంటాడు."

తన బల్ల దగ్గరికొచ్చి సువార్త పెన్నులో సిరా నింపింది. స్టెన్సిలు ఆనించి రిచర్డ్ పేరు రాసింది. నలభై సెకన్లు పట్టింది. ఎప్పటిలాగే ఒక్క అక్షరమైనా వంకర పోలేదు.

సాయంత్రం షెడ్డున్న కాప్రాలో బస్సెక్కి చిలకలగూడలో దిగింది. ఇంటావిడ నాంచారమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. "ఏమ్మా, ఇవాళ పెందరాళే వచ్చావు?" అంది తలెత్తకుండా. రోజూ అదే వేళకు వస్తుంది సువార్త. రోజూ అదే ప్రశ్న.

గదిలో మంచం, స్టవ్వు, గోడకు శిలువ, కిటికీ పక్కన స్టూలు. స్టూలు మీద ఆమె మొదట అతికించిన బేసు. ఆఫీసులో పారేసిన ప్లేయరు చెయ్యి, సూది, చెవికి పెట్టుకునే ఇయర్‌ఫోను దానికి బిగించుకుంది. కాప్రా షెడ్డులో నేల కదలదు. ఇక్కడ వెనక గోడకు వంద గజాల్లో రైలు పట్టాలు. గూడ్సు బండి పోతే గిన్నెలు మోగుతాయి. ఇంతకంటే మంచి ప్రయోగశాల ఏ కంపెనీకీ లేదు.

తిరగని రికార్డు మీద సూది ఆనించి, వేలి కణుపుతో బేసును తట్టింది. 'టక్'. అంతే. శబ్దం పుట్టినచోటే చచ్చిపోయింది. మొదట్లో చతురస్రాలుగా పెట్టిన పట్టీలతో 'బుంయ్' అని సాగేది. ఆ సాగే తోకను ముక్కముక్కగా కోసుకుంటూ వచ్చి ఈ 'టక్' దగ్గర ఆపడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో ఆ గదిలో ఎవరితోనైనా మాట్లాడినట్టుందంటే ఈ తట్టడం వల్లే. తను అడిగేది, అది బదులు చెప్పేది.

ఇవాళ రెండుసార్లు తట్టి ఊరుకుంది. అన్నం వండుకుని, వేడి చల్లారేదాకా ఎదురుగా కూర్చుంది.

బుధవారం మధ్యాహ్నం వడ్రంగి సత్తెయ్య కబురు పంపాడు.

షెడ్డు వెనక రేకుల కింద అతని బెంచీ. బేసు దాదాపు తయారైంది. లోపలి పట్టీలు పైపలకకు అంటుకుని ఆరిపోయాయి. కింది పలక పక్కన విడిగా ఉంది, పన్నెండు రంధ్రాలతో.

"ఏందమ్మా గిది, గింత అల్కగుంది?" అన్నాడు సత్తెయ్య ఒంటిచేత్తో లేపి. "నా బిడ్డ పలకపెట్టె సుత దీనికన్న బరువుంటది. అయితే చూడు, ఒక సంగతి."

కింది పలక ఆనించి నాలుగు స్క్రూలు బిగించి, ఒక మూలన బొటనవేలితో నొక్కాడు. కిర్రుమంది.

"ఇన్నవా? పన్నెండు పెట్టినా గిట్లనే అరుస్తది. అంచుకి పట్టు లేదు. నేను నిన్న రిచర్డ్ సారుకి చెప్పిన. ఫిటింగ్ సాఫ్ జెయ్ అన్నడు." జిగురు డబ్బా మూత తీసి, కుంచెతో కలిపాడు. గొంతు తగ్గించాడు. "జెర జిగురు రాయాల్నా? మీదికెల్లి స్క్రూలు సుత పెడత. ఎవలు చూస్తరు? పొద్దుగాలకి ఎండుతది. నువ్వు ఊఁ అను."

సువార్త కుంచెవైపే చూసింది.

జిగురు పెడితే రేపు బేసు నిలబడుతుంది. మూడు వందల సెట్లకు ఆర్డరు వస్తుంది. రిచర్డ్ పేరున్న డ్రాయింగు ఫ్రేము కట్టించి గోడకు పెట్టినా పెడతారు. పెట్టకపోతే బేసు ఓడిపోతుంది. ఎవరి పేరుందో వాళ్లతో పాటు.

కుంచె అంచున జిగురు బొట్టు సాగి, తెగి, నేలమీది పొట్టులో పడింది.

"డ్రాయింగులో ఏముంది సత్తెయ్యా?"

"స్క్రూలే ఉన్నయి."

"అయితే డ్రాయింగులో ఉన్నట్టే చెయ్యి."

సత్తెయ్య ఆమెవైపు ఒక క్షణం చూశాడు. "నీ మర్జీ," అని డబ్బాకు మూత పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా తెరవలేదు. బస్సులో నిలబడి తిరిగొచ్చింది. ఇంట్లో స్టూలు మీది బేసును తట్టలేదు. అటు చూడకుండా పడుకుంది.

గురువారం పదకొండింటికి అమ్మిరాజు వ్యాను దిగాడు. భారీ మనిషి, తెల్ల పంచె, చేతిలో ఒక పాత రికార్డు. రామ్మోహనరావు తెప్పించిన కుర్చీ మీద కూర్చోలేదు.

"నాకు టీలూ బిస్కెట్లూ తర్వాతండి. ముందు సరుకు చూపించండి," అన్నాడు. బేసును ఒక చేత్తో ఎత్తి చూసి తల ఆడించాడు. "తేలిగ్గానే ఉంది. మావాళ్లు ఎగిరి గంతేస్తారు. ఇప్పుడు పెళ్లిపందిరి వేద్దాం."

అతని పెళ్లిపందిరి అంటే ఇది: ఒక కాలు కుంటిదైన చెక్కబెంచీ, దానిమీద ప్లేయరు, నాలుగడుగుల దూరంలో గొట్టం స్పీకరు మూతి నేరుగా ప్లేయరుమీదికి. "ఊళ్లో ఇలాగే పెడతారండి. పక్కన పిల్లకాయలు గెంతుతారు. అయినా సూది ఎగరకూడదు, స్పీకరు ఊళ పెట్టకూడదు."

షెడ్డులో పద్ధెనిమిది మందీ చుట్టూ మూగారు. సువార్త తలుపు దగ్గర నిలబడింది. చంకలో చుట్టిన డ్రాయింగు ఉంది.

రిచర్డ్ సూది దించాడు. నాదస్వరం మొదలైంది. అమ్మిరాజు శబ్దం పెంచాడు. ఇంకా పెంచాడు. నాదస్వరం అడుగునుంచి లావుపాటి మూలుగు ఒకటి లేచింది. రెండు సెకన్లలో అది నాదస్వరాన్ని మింగేసింది. చెవులు మూసుకునేంత ఊళ. అమ్మిరాజు పాదంతో నేలను ఒక్క తాపు తన్నాడు. సూది రికార్డు మీద అడ్డంగా పాకి, అంచుదాటి కింద పడింది.

ఎవరో స్విచ్చి ఆపారు.

"ఇది మా కోళ్లగూడు మీద పెట్టినా ఇలాగే కూస్తుందండి," అన్నాడు అమ్మిరాజు నెమ్మదిగా. "దీనికోసమా నన్ను రాత్రంతా ప్రయాణం చేయించారు? ఎవరండీ దీన్ని కట్టింది?"

రామ్మోహనరావు రిచర్డ్ వైపు చూశాడు. రిచర్డ్ మొహంలో రక్తం లేదు.

"సార్... అది... డిజైన్ నిజానికి మా ట్రేసర్ గారిది. సువార్త గారిది. నేను ఊరికే చూసి పంపించానంతే."

పద్ధెనిమిది తలలూ తలుపు వైపు తిరిగాయి.

నాలుగు రోజులుగా ఆమె అడిగిన మాట అది. ఇప్పుడు అడక్కుండానే ఇచ్చేశాడు. చంకలో డ్రాయింగుంది. విప్పి మూలనున్న గడి చూపిస్తే చాలు, ఆ మాట వచ్చినచోటికే తిరిగిపోతుంది. ఆమె వేళ్లు కాగితం చుట్ట మీద బిగుసుకున్నాయి.

విప్పలేదు.

"నాదేనండి," అంది. "పది నిమిషాలు ఆగగలరా?"

అమ్మిరాజు గడియారం చూసుకున్నాడు. "వచ్చానుగా. ఆగుతాను."

"సత్తెయ్యా, నీ దగ్గర బిగింపు క్లాంపులెన్నున్నాయి?"

"ఎన్మిది. తుప్పువట్టినయి ఇంకో నాలుగున్నయి."

"అన్నీ తీసుకురా. నిడుపాటి కర్రపట్టీలు కూడా."

ప్లేయరును బేసుతో సహా పక్కకు వంచి, కింది పలక అంచుల వెంట నాలుగు కర్రపట్టీలు ఆనించింది, మధ్యలో రెండు అడ్డంగా వేసింది. ఒక్కో క్లాంపునూ పెట్టి తనే మర తిప్పింది. చీర కొంగు క్లాంపుల తుప్పులో పడింది, లాగి నడుముకు దోపుకుంది. ఒక్కో మర బిగిసినప్పుడల్లా ఆ మూలను కణుపుతో తట్టి విని, ఇంకో పావు చుట్టు తిప్పింది. పన్నెండో క్లాంపు బిగిశాక అది కాళ్లు ముడుచుకున్న పీతలా ఉంది.

బెంచీ మీద పెట్టింది. సూది దించింది. శబ్దం ఇందాకటి గీత దాకా తిప్పింది.

నాదస్వరం ఒక్కటే వినిపించింది. అమ్మిరాజు నేలను తన్నాడు. రెండుసార్లు తన్నాడు. నాదస్వరం సాగుతూనే ఉంది. పక్కనున్న ఇద్దరు హెల్పర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కాని అమ్మిరాజు పాతికేళ్లుగా సరుకు కొంటున్న మనిషి. "అమ్మా, నన్ను మాయ చెయ్యకండి. ఇంత ఇనుము తగిలిస్తే బరువు పెరిగింది. బరువు పెరిగింది కాబట్టి ఆగింది. అవునా?"

ఈ ప్రశ్న రిచర్డ్ అడిగి ఉండాల్సింది, మూడు నెలల కిందటే.

సువార్త పన్నెండు క్లాంపులనూ వరసగా అరచుట్టు వదులు చేసింది. ఒక్కటి కూడా తీయలేదు. "ఇప్పుడు ఇనుమంతా దానిమీదే ఉందండి. బరువు తగ్గలేదు," అంటూ సూది దించింది.

మూడు సెకన్లలో ఊళ లేచింది.

మళ్లీ బిగించింది. ఊళ పోయింది.

"బరువు కాదండి. కింది పలక చుట్టూ అంటుకుని ఉండాలి, అంతే. జిగురు పెడితే ఒక్క రాత్రిలో ఆరుతుంది. క్లాంపులు తీసేయొచ్చు. అప్పుడు రెండుముప్పావు కిలోలే."

అమ్మిరాజు ఆ పీతను చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత రామ్మోహనరావు వైపు తిరిగి, "ఇప్పుడు టీ తెప్పించండి రావుగారూ," అన్నాడు. "బుధవారానికి జిగురు పెట్టినది ఒకటి బెజవాడ పంపండి. మావాళ్లు నాలుగు పెళ్లిళ్లలో వాడి చూస్తారు. నిలబడితే మూడొందలూ మీవే. నేను వెళ్లేటప్పుడు డ్రాయింగు ప్రింటు ఒకటి ఇవ్వండి."

అందరూ కదిలారు. గేటు ఎదుటి ఇరానీ హోటలుకు అమ్మిరాజును నడిపిస్తూ రామ్మోహనరావు ఆగి, వెనక్కి తిరిగాడు. "సువార్తమ్మా, స్క్రూలు తీసేసి కొత్త ట్రేసింగు గీసెయ్. మిగతాదంతా పాతదాంట్లో ఉన్నట్టే." రిచర్డ్ అప్పటికే అమ్మిరాజు పక్కన నడుస్తూ అడ్డపట్టీల కోణం గురించి చెబుతున్నాడు. "మనం నలభై అయిదు డిగ్రీలు ఎందుకు తీసుకున్నామంటే సార్..."

ఆమెను ఎవరూ టీకి పిలవలేదు.

మూడింటికల్లా ట్రేసింగు పూర్తయింది. ఆమె దాన్ని యజమాని బల్లమీద పరిచింది. రామ్మోహనరావు కలం తీశాడు. సంతకం పెట్టబోయి ఆగాడు. డిజైన్ గడిలో ఎస్. సువార్త అని నల్లగా, నిటారుగా ఉంది. పక్కన నిలబడ్డ రిచర్డ్ కూడా చదివాడు.

"నేను చెప్పిందేమిటి, నువ్వు రాసిందేమిటి?"

"ఊళ వచ్చినప్పుడు నాదన్నారు సార్. ఊళ ఆగాక కూడా నాదే."

"ఏదో కంగారులో..."

"ఇంకో మాట ఉంది." ఆమె ఆగకుండా చెప్పింది. "నిన్న సత్తెయ్య జిగురు పెడతానన్నాడు. నేనే వద్దన్నాను. పెట్టి ఉంటే ఇవాళ ఊళ వచ్చేది కాదు. అతని తప్పేమీ లేదు."

"తెలిసీ ఊరుకున్నావా?" అన్నాడు రామ్మోహనరావు. "మూడొందల సెట్లు. పద్ధెనిమిది మంది జీతాలు."

"అవును సార్. నాలుగు రోజులు నా పేరు ఒక్కటే చూసుకున్నాను. మీరు తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి. పేరు మాత్రం తీసెయ్యకండి. ఆ బేసు నాది."

బయట అమ్మిరాజు వ్యాను హారను మోగింది. మళ్లీ మోగింది. రామ్మోహనరావు కలం కాగితం మీద గాల్లోనే ఉంది. ఈ ఆఫీసులో ఆ పేరు చెరిపి, ఆ చోట అంత శుభ్రంగా ఇంకో పేరు రాయగల చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చెయ్యి గల మనిషి అతని ఎదుట చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

సంతకం పెట్టాడు.

"ఇకనుంచి ఏ ఊళ్లో ఏ పెట్టె కూసినా నిన్నే పంపిస్తాను. ఆదివారమని, చర్చి అని చెప్పడానికి వీల్లేదు."

"పంపించండి సార్."

ప్రింటు గదిలో అమ్మోనియా ఘాటుకు కళ్లు మండాయి. యంత్రం లోంచి నీలి గీతల కాగితం మెల్లగా బయటికొచ్చింది. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని, తడి ఆరేదాకా నిలబడింది. వెనక తలుపు చప్పుడైంది. రిచర్డ్ లోపలికి రాలేదు, గడప దగ్గరే ఆగాడు.

"నాకు చెప్పాల్సింది కదా," అన్నాడు. "అంతమంది ముందు..."

"సోమవారం చెప్పాను. పెట్టె మెలితిప్పి మరీ చూపించాను."

అతను తలదించుకున్నాడు. "చెప్పారు," అని ఒప్పుకున్నాడు. "నిన్న జిగురు సంగతి మాత్రం చెప్పలేదు."

రిచర్డ్ చెయ్యి చాచాడు. ఆమె ప్రింటును చుట్టి అతని చేతికిచ్చింది.

"వస్తాను, సువార్త గారూ," అన్నాడు.

ఆంటీ అనలేదు. ఈ షెడ్డులో తనను వరస కలిపి పిలిచేది అతనొక్కడే. అతను వెళ్లిన వైపే కాసేపు చూసి, సువార్త ఫైలు కోసం రెండో కాగితాన్ని యంత్రంలో పెట్టింది.